మెట్ల మీద కాపురం

పెళ్లయిన మూడో నెలలోనే వాళ్ల కాపురం మెట్ల మీదికి వచ్చింది.

అలాగని ఇల్లు లేక కాదు. మూడో అంతస్తులో బంగారంలాంటి రెండు గదులున్నాయి. పడగ్గది కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. కానీ పొద్దున్నే పది నిమిషాలపాటు ఆ గోడ మీద ఎండ పడి గది మొత్తం నారింజ రంగులోకి మారిపోతుంది. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. మూడో మనిషి అవసరం వాళ్లకూ లేదు. స్నానాలగది కుళాయి ఎడమవైపు తిప్పితే మూసుకుంటుంది, కుడివైపు తిప్పితే పాడుతుంది. ఆ పాటకు ఇద్దరూ కలిసి ఒక పేరు కూడా పెట్టుకున్నారు, అది ఎవరికీ చెప్పరు. ఇంత మంచి ఇల్లు ఉండగా మెట్ల మీద కాపురమేమిటంటే, అంతా గడియారం చేసిన పని.

అతను ఆసుపత్రిలో నర్సు. ఈ ఏడాది చివరిదాకా రాత్రి డ్యూటీ, ఎనిమిది నుంచి ఎనిమిది వరకు. సాయంత్రం ఏడున్నరకు ఇంట్లోంచి కదలాలి. ఆమెకు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం, తొమ్మిది నుంచి ఆరు వరకు. ల్యాబు నుంచి ఇంటికి నడక ఇరవై నిమిషాలు. ఆమెకు ఉద్యోగం వచ్చిన రోజు ఆ ఉద్యోగపు కాగితం వెనకే ఇద్దరూ లెక్క వేసుకున్నారు. ఆరూ ఇరవై నుంచి ఏడున్నర దాకా, రోజుకు డెబ్బై నిమిషాలు. అందులో టీ తాగొచ్చు, వండుకుని తినొచ్చు, ఒక చిన్న పోట్లాట పెట్టుకుని రాజీ కూడా పడొచ్చు, అయినా ఇంకో పది నిమిషాలు చేతిలో ఉంటాయని అతను తేల్చాడు. ఆ పది నిమిషాలు ఏం చేస్తావని ఆమె అడిగితే, కాగితం మడిచి జేబులో పెట్టుకుని నవ్వాడు.

మూడు వారాలు గడిచాయి. ఆ డెబ్బై నిమిషాలు ఒక్కరోజు కూడా వాళ్ల కంటపడలేదు. ఆమె ల్యాబు నుంచి బయటపడేసరికి ఏడు దాటేది. పరుగులాంటి నడకతో వచ్చి మెట్లెక్కుతుంటే, అతను యూనిఫాం వేసుకుని దిగుతూ ఎదురయ్యేవాడు. రెండో అంతస్తు మలుపు దగ్గర ఇద్దరూ ఆగేవాళ్లు. కూర మీద మూత పెట్టానని అతను, గ్యాసు ఆపావా అని ఆమె. మళ్లీ పొద్దున ఎనిమిదీ ముప్పై అయిదుకు అతను ఎక్కుతుంటే ఆమె దిగేది, అదే మలుపులో తాళంచెవి చేతులు మారేది. ఆ సమయానికి రెండో అంతస్తు పెద్దావిడ సరిగ్గా తలుపు తీసి, గుమ్మం దగ్గర చెప్పులు సర్దడం మొదలుపెట్టేవారు. పాపం ఆవిడకున్నది రెండు జతల చెప్పులే. ఆవిడ సర్దినంతసేపు వాటిని ఎవరూ సర్దలేరు.

వారానికి ఒకరోజు అతనికి సెలవు ఉండేది గానీ, ఆ రోజంతా ఆరు రాత్రుల నిద్ర బాకీ తీర్చుకోవడానికే సరిపోయేది. ఆమె సెలవు ఆదివారం. ఆ రోజు అతనికి సెలవు దొరికింది లేదు. అందుచేత మాట్లాడుకోవలసిన మాటలన్నీ మెట్ల మీదే, వాయిదాల పద్ధతిలో.

సోమవారం సాయంత్రం అతను దిగుతూ అడిగాడు, ఆరుకు అయిపోవలసిన ఉద్యోగం ఏడయినా ఎందుకు అవదని. మంగళవారం పొద్దున ఆమె జవాబు చెప్పింది, ల్యాబు మేస్త్రిగారు సీట్లోంచి లేవరు కాబట్టి ఎవరూ లేవరని. మంగళవారం సాయంత్రం, ఆయనెందుకు లేవరని రెండో ప్రశ్న వచ్చింది. తాను అడగలేదని బుధవారం పొద్దున చెప్పింది. అయితే అడుగు అని బుధవారం సాయంత్రం సలహా ఇచ్చాడు. గురువారం పొద్దున మలుపు దగ్గర ఆగి, తాళంచెవి అందిస్తూ ఆమె నిజం చెప్పేసింది.

"భయంగా ఉంది. మూడు నెలలు చూసి అప్పుడు పర్మనెంట్ చేస్తామన్నారు. మూడు వారాలకే ఇంటికి పోతానని లేస్తే ఏమనుకుంటారు?"

"పెళ్లయినామె అనుకుంటారు," అన్నాడతను.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. ఆమె ముఖం ఎర్రబడి గబగబా దిగిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. మందుల దుకాణం పైన పొడవాటి గది అది. గోడల నిండా అరలు, అరల నిండా నంబర్లు రాసిన ప్లాస్టర్ దవడలు. మొదటి రోజు ఎవరికైనా కాస్త ఒళ్లు జలదరిస్తుంది. ఆమె మాత్రం గంటలోనే వాటితో స్నేహం చేసింది. ఈ దవడ పెద్దమనిషి కోపిష్ఠి, నిద్రలో పళ్లు నూరి నూరి అరగదీశాడు. ఈవిడ ఎడమవైపే నములుతుంది. ఇదిగో, ఈయన ఎవరో చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి ఉంటాడు. గులాబీ రంగు మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చి పేర్చడం ఆమె పని. పద్నాలుగో పన్ను పెట్టగానే అక్కడ ఉన్నట్టుండి ఒక నవ్వు పుడుతుంది. రోజుకు రెండు మూడు నవ్వులు తన చేతిమీదుగా పుడుతున్నాయంటే ఆమెకు ఎంత గర్వమో. అలాంటి ఉద్యోగం వదులుకోవడానికి మనసు ఒప్పదు. అలాగని మలుపు దగ్గర నిమిషమున్నర కాపురం ఏడాదంతా చేయడానికీ మనసు ఒప్పదు. రెండింటిలో ఏదో ఒకటి పోతుందేమోనని లోలోపల బెంగ.

ల్యాబులో ఆమెకు 'పెళ్లికూతురు' అని పేరు పడిపోయింది. మిగిలినవాళ్లు ముగ్గురు. ప్లాస్టర్ పని చూసే బాబాయి, ఎప్పుడు చూసినా మోచేతుల దాకా తెల్లగా ఉంటాడు. పాలిష్ చక్రం దగ్గర కూర్చునే అక్క, చక్రం హోరు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గుసగుస కూడా వీధి చివరకు వినిపిస్తుంది. ఇక కిటికీ పక్క బల్ల దగ్గర మేస్త్రిగారు, ముప్ఫై ఏళ్ల సర్వీసు, నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్న కళ్లజోడు, నోట్లోంచి ముత్యం రాలినంత అరుదుగా మాట. ల్యాబు యజమాని డాక్టరమ్మ. ముందు గదిలో కూర్చుని క్లినిక్కులతో ఫోన్లు మాట్లాడుతుంది.

ఆరవుతుంది. గోడగడియారం ముల్లు నిటారుగా నిలబడుతుంది. మనుషులు మాత్రం ఎవరూ నిలబడరు. పాలిష్ అక్క అప్పటికే అద్దంలా మెరుస్తున్న సెట్టును మళ్లీ చక్రానికి ఆనిస్తుంది. బాబాయి కడిగిన గిన్నెలే కడుగుతాడు. మేస్త్రిగారు వంగి, బల్ల చాటున సన్నటి చాకుతో ఏదో చెక్కుతూ ఉంటారు. ఎనిమిదేళ్లుగా తాను ఆయనకంటే ముందు లేచి ఎరుగనని పాలిష్ అక్క మొదటి రోజే చెప్పింది. పెద్దాయన పనిలో ఉండగా చేతులు దులుపుకుని పోతే ఏం మర్యాద అని. అందుకని పెళ్లికూతురు కూడా పని ఉన్నట్టు కనిపించాలి. పని లేకుండా పని ఉన్నట్టు కనిపించడం ఎంత కష్టమో, నిజంగా పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

గురువారం సాయంత్రం ఆరూ పదికల్లా ఆమె దగ్గరున్న మైనం అయిపోయింది, బల్ల తుడవడం అయిపోయింది, పనిముట్లు పొడవు వరసన పేర్చి మళ్లీ పొట్టి వరసన పేర్చడమూ అయిపోయింది. పొద్దున మలుపు దగ్గర విన్న మాట తలుచుకుని ఒకసారి తనలో తను నవ్వుకుంది. ఎవరైనా చూశారేమోనని ఉలిక్కిపడి, చేతికి అందిన అరలోంచి ఒక సెట్టు తీసి ముందు పెట్టుకుంది. అది పూర్తయిన సెట్లు పెట్టే అర. చూస్తే ఆ సెట్టులో పై వరస ముందు పన్ను ఒకటి పక్కకు తిరిగి, పక్కపన్ను మీదికి కొద్దిగా ఎక్కి ఉంది. తాను పేర్చిన సెట్టు కాదు. ఎవరో తొందరలో చూసుకోలేదు కాబోలు, మంచిపని చేద్దామనుకుంది. చిన్న దీపం వెలిగించి, మైనం వెచ్చబెట్టి, ఆ పన్నును బుద్ధిగా వరసలోకి తిప్పింది. చుట్టూ మైనం నున్నగా దిద్దింది. ఏడూ అయిదుకు మేస్త్రిగారు లేచేసరికి పని ముచ్చటగా ముగిసింది. సెట్టును తిరిగి అరలో పెట్టి, చున్నీ సర్దుకుని పరుగు తీసింది. మెట్ల మలుపు దగ్గర అతనితో, ఇవాళ ఒకరి తప్పు దిద్దానని గొప్పగా చెప్పుకుంది కూడా.

శుక్రవారం బాబాయి మామూలుగానే అందరికంటే ముందు, ఎనిమిదికే వచ్చాడు. పూర్తయిన అరలో ఉన్నవన్నీ ప్లాస్టర్లో బిగించి, వేడినీళ్లలో మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీ ముద్ద నింపి ఉడకబెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి అచ్చులు పగలగొట్టి సెట్లు బయటికి తీశాడు. మేస్త్రిగారు వాటిని ఒక్కొక్కటే వెలుగులో తిప్పి చూస్తూ, ఒకదాని దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగింది.

"ఈ పన్ను ఎవరు తిప్పారు?"

చక్రం ఆగింది. ఆ సెట్టు తాలూకు డబ్బా అడుగున ఉన్న చీటీ తీసి ఆయన బల్ల మీద పెట్టారు. ఆమె వంగి చదివింది. ఆ సెట్టు ఒక రిటైరైన బస్సు కండక్టరుగారిది. వారం కిందట మైనంలో పళ్లు తిన్నగా పేర్చి పంపితే, పెట్టుకుని చూసుకున్నాడట. పక్కనున్న భార్య, ఈయనెవరు, మా ఆయన్ని తీసుకురండి అందట. నలభై ఏళ్లు తాను చూసింది ఆ వంకర పన్నునేనట, అది లేకపోతే ఆయన నవ్వినా తనను చూసి నవ్వినట్టు లేదట. అందుకని ముందు పన్ను పాతదానిలాగే పక్కకు తిరిగి ఉండాలని క్లినిక్కువాళ్లు రాసి పంపారు. మేస్త్రిగారు పాత ఫోటో ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చుని తిప్పిన పన్ను అది. రేపు పొద్దున పదింటికి కండక్టరుగారు క్లినిక్కుకు వస్తారు.

ఆమెకు ఆ భార్య ముఖం కళ్లకు కట్టింది. మూడు నెలల కిందట పెళ్లయిన మనిషికి, నలభై ఏళ్ల కిందట పెళ్లయిన మనిషి బాధ అంతలా అర్థమవుతుందని ఆమె అనుకోలేదు.

"నేనేనండీ, మేస్త్రిగారూ," అంది.

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. ఆరున్నరప్పుడు."

"ఆరున్నరకి నీకేం పనమ్మా?"

"పనేం లేదండీ. ఊరికే కూర్చుంటే బాగోదని..."

"పని లేకపోతే ఇంటికి పోతారు గానీ, కనబడ్డ పళ్లన్నీ సరిచేస్తారా?"

మూడు వారాలుగా మింగుకున్న మాట బయటికి వచ్చేసింది.

"మీరు లేవలేదు కదండీ. మీరు లేవకుండా ఎలా పోను?"

మేస్త్రిగారు కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి ఎత్తారు.

"నేనా? మీరెవరూ లేవలేదని కదా నేను కూర్చుంటున్నది."

పాలిష్ అక్క ఏదో అనబోయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్లలో ఆవిడ నోరు మాట లేకుండా తెరుచుకోవడం అదే మొదటిసారని తర్వాత బాబాయి చెప్పాడు.

మేస్త్రిగారు అప్పుడు, ఒక నెలకు సరిపడా మాటలు ఒక్కసారే మాట్లాడారు. ఆయన కొత్తలో పనిచేసినచోట పెద్దమేస్త్రి ఒకడుండేవాడట. అయిదు కొట్టగానే పని కుర్రవాళ్ల నెత్తిన పడేసి, పాట పాడుకుంటూ వెళ్లిపోయేవాడట. తాను పెద్దవాడైతే కింద ఒక్కరు పనిలో ఉన్నా లేవకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నారట. అలాగే రోజూ ఆరుకు తలెత్తి చూస్తారు. చక్రం తిరుగుతుంటుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తుంటుంది, ఈ కొత్తమ్మాయి పనిముట్లు సర్దుతూ ఉంటుంది. పాపం ఇంకా పని ఉందిరా వీళ్లకు అనుకుని మళ్లీ తల దించుకుంటారు. చెబుతూ చెబుతూ బల్ల సొరుగు లాగారు. లోపల గులాబీ మైనంతో చెక్కిన పదకొండు పిట్టలున్నాయి. ఒకటి రెక్క చాచింది, ఒకటి గింజ ఏరుతోంది, ఒకటి ఒంటికాలి మీద నిద్రపోతోంది. మూడు వారాల సాయంత్రాలు అవి.

"మా ఆవిడ సాయంత్రాలు అలా నడిచొద్దామని అడిగేది," అన్నారు సొరుగు మూస్తూ. "నాలుగేళ్లయింది, అడగడం మానేసి."

బాబాయి ముందుగా నవ్వాడు. తర్వాత పాలిష్ అక్క అందుకుంది. ఆ నవ్వు విని ముందు గదిలోంచి డాక్టరమ్మ వచ్చింది. సంగతంతా విని, నవ్వలేదు. ఆవిడ ముఖంలో ఏదో లెక్క తిరుగుతోంది.

"పనెక్కువై రోజూ ఏడున్నర దాకా ఉండిపోతున్నారనే కదా నాలుగో మనిషిని తీసుకున్నాను. మావాళ్లు ఏడున్నర దాకా ఉంటారు, ఎప్పుడైనా పంపండని క్లినిక్కులన్నిటికీ చెప్పాను. ఆరుకే అయిపోయే పనికి నాలుగో మనిషి ఎందుకు మరి?"

గదిలో ఉన్న దవడలన్నీ బిగుసుకున్నట్టనిపించింది పెళ్లికూతురికి. డెబ్బై నిమిషాల కోసం నోరు తెరిస్తే రోజంతా ఇంట్లోనే కూర్చునే గతి పట్టేలా ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుని, వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది.

మేస్త్రిగారే లేచి నిలబడ్డారు.

"ముగ్గురం ఉన్నప్పుడు నిజంగానే ఏడున్నరయ్యేదమ్మా. ఈ అమ్మాయి వచ్చాక పని ఆరుకు దిగింది. మేమే దిగలేదు, అలవాటైపోయి. ఈమెను తీసేస్తే పని మళ్లీ ఏడున్నరకు ఎక్కుతుంది. నిన్నటి తప్పు సంగతంటారా, అది ఈమె పని టైములో చేసింది కాదు. ఇంటికెళ్లాల్సిన టైములో చేసింది."

డాక్టరమ్మ వెంటనే కరిగిపోయిందని చెప్పలేం. సాయంత్రం వచ్చే అచ్చుల డబ్బాలు తీసుకోకపోతే క్లినిక్కులు వేరేచోటికి పోతాయని వాదించింది. అయిదున్నరకు వచ్చిన డబ్బా పొద్దున్నే కావాలంటే అది తొందరలో చేసిన పనే అవుతుందని, తొందరలో చేసినవి నెలకు ఎన్ని వెనక్కి వస్తున్నాయో మీకే తెలుసునని మేస్త్రిగారు అన్నారు. అది ఆవిడకు నిజంగానే తెలుసు. కాసేపు గుమ్మానికి ఆనుకుని నిలబడి, చివరికి నాలుగు దాటాక వచ్చినవి మర్నాటి లెక్కలోకే వేద్దామంది. అదీ ఒక నెలే, చూస్తానంది. వెళ్లబోతూ ఆగి, పూర్తయిన అర మీద మళ్లీ చెయ్యి వేస్తే ఊరుకోనని పెళ్లికూతురికి వేలు చూపించి మరీ చెప్పింది. ఆమె బుర్ర ఊపిన వేగానికి చెవిపోగులు గలగలలాడాయి.

మేస్త్రిగారు ఆ ఒక్క పన్నునూ సన్నటి రంపంతో కోసి విడదీశారు. ఫోటోలో కండక్టరుగారు టిక్కెట్ల సంచీ తగిలించుకుని, పన్ను కనపడేలా ఎవర్నో చూసి నవ్వుతున్నాడు. ఎవర్ని చూసి నవ్వుతున్నాడో ఆమెకు చెప్పనక్కర్లేదు. ఇంకొంచెం ఎడమకండీ, ఇంకొంచెం, అని ఆమె ఫోటో పట్టుకుని చెబుతుంటే ఆయన తిప్పారు. ఆరిపోతే గట్టిపడే ముద్ద చుట్టూ పెట్టి, గట్టిపడ్డాక పాలిష్ అక్కకు ఇచ్చారు. అయిదుకల్లా కండక్టరుగారి నవ్వు ఆయన నవ్వులా అయింది.

ఆరయింది.

ఎవరూ లేవలేదు. లేవాలని అందరికీ తెలుసు, కానీ ముందు లేవడం ఎవరికీ చేతకాలేదు. బాబాయి తడి చేతులు తుడుచుకుని మళ్లీ తడుపుకున్నాడు. మేస్త్రిగారు సగం లేచి, చక్రం దగ్గర కదలకుండా కూర్చున్న పాలిష్ అక్కను చూసి మళ్లీ కూర్చోబోయారు.

"నన్ను చూసి కూర్చోకండి బాబూ," అంది పాలిష్ అక్క. "మా ఇంట్లో తొమ్మిది మంది. ఈ గంటే నాకు ప్రశాంతం. ఇక్కడ కాకపోతే కింద మెట్ల మీద కూర్చుంటాను గానీ, ఏడుకు ముందు ఇల్లు చేరను."

తాళాలు ఆవిడకే ఇవ్వమని మేస్త్రిగారు నవ్వుతూ అన్నారు. తర్వాత పెళ్లికూతురి వైపు తిరిగి, "ముందు నువ్వు లేమ్మా. నువ్వు లేస్తే నాకు ధైర్యమొస్తుంది," అన్నారు. ఆమె ఏప్రాన్ ముడి విప్పింది. ఆరూ రెండుకు వీధిలో ఉంది.

వీధిలో ఇంకా వెలుతురుంది. ఈ వీధిని ఈ వెలుతురులో సాయంత్రం పూట ఆమె చూడటం ఇదే మొదటిసారి. మందుల దుకాణం పక్కన పూలకుండీలమ్మే కొట్టు ఉందని కూడా ఇప్పుడే తెలిసింది. పరుగెత్తనక్కర్లేదని కాళ్లకు చెప్పింది గానీ, అవి వినలేదు. మూడంతస్తులూ ఎక్కేసింది. మలుపులో చెప్పులు వాటి మానాన అవి ఉన్నాయి. అవసరానికని గుమ్మం పైన దాచి ఉంచిన రెండో తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీసింది.

అతను నిద్రపోతున్నాడు. పొద్దున నుంచి పడుకున్నా, రాత్రి పనిచేసేవాళ్ల నిద్ర పగటి చప్పుళ్లకు చిల్లులు పడి ఉంటుంది, ఏడుకు అలారం పెట్టుకుని చివరి గంట వరకు లాగుతారు. బోర్లా పడుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, నోరు కొంచెం తెరిచి ఉన్నాడు. లేపాలా వద్దా అని ఆమె గుమ్మంలో నిలబడి ఆలోచించింది. డెబ్బై నిమిషాలు తెచ్చింది నిజమే, అందులో సగం అతనికి నిద్రగానే కావాలేమో. అతని పళ్లను ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదని తట్టి, వృత్తిధర్మంగా వంగి చూసింది. కింద వరసలో ఒకటి కొద్దిగా వెనక్కి ఉంది. తనకే తెలిసిన రహస్యంలా అనిపించి, పట్టలేక నవ్వేసింది.

అతను కళ్లు తెరిచి, ఆమెను చూసి, ఒక్క ఉదుటున లేచి యూనిఫాం చొక్కా వెనకా ముందూ చూడకుండా తగిలించుకోబోయాడు.

"టైమైపోయిందా? నన్ను లేపలేదేం?"

"ఆరూ ఇరవై రెండు."

అతను గడియారం చూశాడు, కిటికీ చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. చొక్కా చేతిలోనే ఉండిపోయింది. కాసేపు ఇద్దరికీ ఏం చేయాలో తోచలేదు. మెట్ల మీద అయితే ఈపాటికి మాటలు అయిపోయి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

"ఉద్యోగం ఉందా?" అన్నాడు మెల్లగా.

"ఉంది. నువ్వు ఇంకో అరగంట పడుకోవాలి. పడుకునే విను."

ఆమె మంచం అంచున కూర్చుని గబగబా మొదలుపెట్టింది. కండక్టరుగారు, పన్ను, పిట్టలు, డాక్టరమ్మ, అన్నీ ఒక్క ఊపిరిలో. అతను ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"అంత వేగంగా వద్దు. మొదటినుంచి చెప్పు."

ఆమె కాళ్లు మంచం మీదికి లాక్కుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక రిటైరైన కండక్టరుగారు ఉన్నారట, ఆయనకొక భార్య ఉందట, అంటూ మళ్లీ ఎత్తుకుంది. అతను కళ్లు మూసుకుని "ఊ" కొట్టాడు.